తెర అడుగున ఒక వరుస, తెర వెనుక పనివాళ్ళు

మీ బడిలో హెడ్మాస్టరుగారి గది గోడకు ఒక నల్లబల్ల ఉంటుంది. మీరు చూసే ఉంటారు. తరగతుల పేర్లు, ఒక్కొక్క తరగతిలో మొత్తం ఎందరు, ఈ రోజు వచ్చినవారు ఎందరు అనే అంకెలు దాని మీద రాసి ఉంటాయి. ఉదయం హాజరు తీయగానే ఒక్కొక్క తరగతి లీడరు వచ్చి తన తరగతి అంకె మార్చి పోతాడు. హెడ్మాస్టరుగారు కుర్చీలోంచి లేవనక్కరలేదు. తలెత్తి చూస్తే చాలు, బడిలో ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుంది.

ఈ నల్లబల్లను నమ్మి నేను ఒకసారి ఇరవై అయిదుగురు పిల్లల్ని ఆకలితో కూర్చోబెట్టాను. 2016 జూలైలో సంగతి. శనివారం నాడు కుండపోతగా వాన కురిసింది. ఎనిమిదో తరగతిలో 21 మందే వచ్చారు. బోర్డు మీద 21 అని రాశారు. సోమవారం ఎండ కాసింది, 46 మంది వచ్చారు. కాని ఆ రోజు ఆ తరగతి లీడరు రాలేదు. అంకె మార్చేవారు లేరు. శనివారం నాటి 21 అక్కడే ఉండిపోయింది. మధ్యాహ్న భోజనానికి లెక్క ఇచ్చే పని ఆ వారం నాది. బోర్డు చూసి లెక్క వేసి ఇచ్చాను. ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం చొప్పున 25 మందికి ఎంత తగ్గిందో మీరే లెక్క కట్టండి: 3 కిలోల 750 గ్రాములు. "మాస్టారూ, బోర్డు మీద ఇరవై ఒకటే ఉంది కదండీ!" అని వంట చేసే ఆవిడ నావైపు చూసింది. మళ్ళీ ఎసరు పెట్టి వండి వడ్డించేసరికి మధ్యాహ్నం బడి గంట కొట్టేశారు.

ఆ 21 తప్పు అంకె కాదు. శనివారం నాడు అది నిజమే. సోమవారానికి పాతబడింది, అంతే. కాని పాత అంకె, కొత్త అంకె చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఇప్పుడు మనం కంప్యూటరు తెర మీద ఉండే ఇలాంటి బోర్డు గురించి తెలుసుకుందాం. దానిలో మనకు కావలసిన అంకెను మనమే ఎలా చేర్చుకోవాలో, చేర్చిన అంకె మనల్ని మోసగించకుండా ఏమి జాగ్రత్త పడాలో చూద్దాం.

టెర్మినలు అంటే ఏమిటి?

కంప్యూటరుతో రెండు విధాలుగా పని చేయించవచ్చు. తెర మీది బొమ్మలను మౌసుతో నొక్కడం ఒక విధం. చేయవలసిన పనిని అక్షరాలలో టైపు చేసి ఆదేశించడం రెండో విధం. ఈ రెండో విధానికి వాడే కిటికీనే టెర్మినలు అంటారు. సాధారణంగా నల్లని తెర, దాని మీద తెల్లని అక్షరాలు.

పూర్వం టెర్మినలు అంటే కిటికీ కాదు, ఒక యంత్రం. కంప్యూటరు ఒక గదిలో ఉండేది. తీగతో దానికి కలిపిన తెర, కీబోర్డు మరొక గదిలో ఉండేవి. 1978లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ విడుదల చేసిన వీటీ100 అనే టెర్మినలు చాలా పేరు పొందింది. దాని తెర మీద వరుసకు 80 అక్షరాల చొప్పున 24 వరుసలు పట్టేవి. యంత్రం ఏ స్థితిలో ఉందో తెలపడానికి కీబోర్డు మీద చిన్న చిన్న దీపాలు ఉండేవి. 1987లో అదే సంస్థ తెచ్చిన వీటీ320లో తెర అడుగున 25వ వరుసను చేర్చారు. మనం టైపు చేసేది, కంప్యూటరు జవాబిచ్చేది పైన 24 వరుసల్లోనే. అడుగు వరుస మాత్రం స్థితిని తెలపడానికే ప్రత్యేకం. దీన్నే స్టేటస్ లైను, అంటే స్థితిని తెలిపే వరుస, అంటారు.

ఆ యంత్రాలు పోయాయి. కాని ఆ వరుస పోలేదు. అదే 1987లో ఆలివర్ లౌమన్, కార్‌స్టెన్ బోర్మన్ అనే ఇద్దరు స్క్రీన్ అనే ప్రోగ్రాము రాశారు. ఒకే టెర్మినలులో అనేక పనులను పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని నుంచి మరొకదానికి మారడానికి అది వీలు కల్పిస్తుంది. 2007లో నికొలస్ మారియట్ ఇదే పనికి టీమక్స్ అనే మరో ప్రోగ్రాము రాశాడు. టీమక్స్ తెరవగానే కిటికీ అడుగున ఒక ఆకుపచ్చ పట్టీ కనబడుతుంది. ఎడమవైపు మనం తెరిచిన పనుల పేర్లు, కుడివైపు గంటలు, నిమిషాలు, తేదీ ఉంటాయి. అదే దాని స్టేటస్ లైను. మన పాఠానికి దీన్నే ఉదాహరణగా తీసుకుందాం.

గోడ మీది ప్లగ్గు చెప్పే పాఠం

గడియారం, తేదీ బాగానే ఉన్నాయి. కాని మనకు మరేదో కావాలి. యంత్రం ఎంత వేడెక్కిందో కావాలి. బ్యాటరీ ఎంత మిగిలిందో కావాలి. లేదా ప్రయోగశాలలోని 20 కంప్యూటర్లలో ఎన్ని వెలిగి ఉన్నాయో కావాలి. టీమక్స్ రాసినవారికి మన ప్రయోగశాల సంగతి తెలియదు కదా! ప్రపంచంలో ప్రతివారికీ కావలసిన అంకెలన్నీ ఒకే ప్రోగ్రాములో ముందుగా పెట్టడం ఎవరి తరమూ కాదు.

మరి ఏమి చేశారు? గోడ మీది ప్లగ్గును చూడండి. దానిలో ఫ్యాను పెడితే తిరుగుతుంది, ఇస్త్రీపెట్టె పెడితే కాగుతుంది. లోపల తిరిగే వస్తువా, కాగే వస్తువా అన్నది గోడకు అక్కరలేదు. పిన్నులు సరిపోతే చాలు. అలాగే స్టేటస్ లైనులోనూ ఒక ఖాళీ ఉంచారు. దానిలో తగిలించే చిన్న ప్రోగ్రామును ప్లగిన్ అంటారు. ఇక్కడ పిన్నులు అంటే ఒక ఒప్పందం. "నీవు లోపల ఏమైనా చేసుకో. చివరకు ఒక్క వరుస అక్షరాలు నాకు పంపు. దాన్ని నేను తెర అడుగున రాస్తాను." ఇంతే ఒప్పందం.

టీమక్స్ అమరికల ఫైలులో స్టేటస్ లైను కుడి భాగం ఎలా ఉండాలో రాసే చోట #( ) అనే గుర్తు పెట్టి, ఆ బ్రాకెట్ల మధ్య మన ప్రోగ్రాము పేరు రాస్తే అది అక్కడ తగిలినట్టే.

మొదటి ప్లగిన్: వేడి ఎంత?

లినక్సు నడిచే యంత్రాలు చాలావాటిలో ఒక చక్కని ఏర్పాటు ఉంది. యంత్రంలోని ఉష్ణోగ్రతను లినక్సు ఒక ఫైలులాగా మనకు చూపిస్తుంది. ఆ ఫైలు తెరిస్తే ఒకే ఒక అంకె కనబడుతుంది. ఉదాహరణకు 48312. ఇన్ని డిగ్రీలా! అని భయపడకండి. అది డిగ్రీలో వెయ్యో వంతులలో చెప్పిన లెక్క. 1000తో భాగిస్తే 48.3 సెంటిగ్రేడు డిగ్రీలు వస్తుంది.

కనుక మన మొదటి ప్లగిన్ చేయవలసిన పనులు మూడే:

1. ఆ ఫైలు చదవాలి.
2. అంకెను 1000తో భాగించాలి.
3. "వేడి 48.3" అని ఒక వరుస పంపాలి.

ఈ మూడు పనులకూ సెకనులో వందో వంతు కూడా పట్టకపోవచ్చు. ఇది త్వరగా వచ్చే జవాబు. దీనితో ఏ చిక్కూ లేదు.

రెండో ప్లగిన్: కంప్యూటర్ల హాజరు

ఇప్పుడు కష్టమైనది చూద్దాం. ప్రయోగశాలలో 20 కంప్యూటర్లు నెట్‌వర్కు తీగలతో కలిసి ఉన్నాయి. వాటిలో ఏవి వెలిగి ఉన్నాయో తెలుసుకోవాలంటే పింగ్ అనే ఆదేశం ఉంది. అది తలుపు తట్టడం వంటిది. "ఉన్నావా?" అని ఒక చిన్న సందేశం పంపుతుంది. ఆ యంత్రం వెలిగి ఉంటే "ఉన్నాను" అని జవాబు వస్తుంది. ఒకే గదిలోని యంత్రాలయితే కొద్ది మిల్లీసెకన్లలోనే వస్తుంది.

ఆపివేసిన యంత్రం సంగతి ఏమిటి? అది "లేను" అని జవాబు చెప్పదు. చెప్పలేదు కూడా! మనమే కొంతసేపు ఎదురుచూసి, జవాబు రాకపోతే లేదనుకోవాలి. ఒక్కొక్క తలుపు దగ్గర ఒక సెకను ఎదురుచూస్తామనుకుందాం. మూడు యంత్రాలు ఆపి ఉంటే మూడు సెకన్లు. ఇరవై ఆపి ఉంటే ఇరవై సెకన్లు. ఉన్నవారి సంగతి తొందరగా తెలుస్తుంది, లేనివారి సంగతి తెలియడానికే ఆలస్యం. బడిలో హాజరు పిలిచేటప్పుడూ అంతే కదా.

ఇప్పుడు ఆలోచించండి. స్టేటస్ లైను రాసే ప్రోగ్రాము మన ప్లగిన్‌ను పిలిచి, జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడితే ఏమవుతుంది? ఆ ఇరవై సెకన్లూ మనం టైపు చేసిన అక్షరాలు తెర మీద పడవు. గడియారం ఆగిపోతుంది. హెడ్మాస్టరుగారు తానే లేచి, ఒక్కొక్క తరగతికీ వెళ్ళి తలలు లెక్కపెట్టి వచ్చేదాకా ఆఫీసు పని అంతా ఆగిపోయినట్టే.

అడిగి నిలబడకు

అందుచేత టీమక్స్ నిలబడదు. ప్లగిన్‌ను తెర వెనుక విడిగా నడవమని పంపేసి, తన పని తాను చూసుకుంటుంది. నాటకంలో ముందు పాత్రధారి పద్యం పాడుతూనే ఉంటాడు. తెర వెనుక పనివాళ్ళు తరువాతి రంగానికి సింహాసనం సర్దుతూ ఉంటారు. పద్యం ఆగదు. ఇదే తెర వెనుక నడవడం.

మరి జవాబు వచ్చేలోగా వరుసను తిరిగి రాయవలసి వస్తే? కిందటిసారి వచ్చిన జవాబునే మళ్ళీ వాడుకుంటుంది. ప్లగిన్ నాలుగైదు వరుసలు పంపితే చివరి వరుసను మాత్రమే తీసుకుంటుంది. ఆగకుండా నడుస్తూ వరుసలు పంపే ప్లగిన్ అయితే, అన్నిటికన్నా తాజాగా వచ్చిన వరుసను తీసుకుంటుంది. అయినా సెకనుకు ఒకసారి కన్నా ఎక్కువగా మార్చదు. మనం ఏమీ చెప్పకపోతే 15 సెకన్లకు ఒకసారి వరుసను తిరిగి రాస్తుంది. ఈ అంతరాన్ని మనం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

దీనిలోని సూత్రం ఏమిటి? సేకరించేవాడు వేరు, చూపించేవాడు వేరు. లీడరు తన వేగంతో లెక్క తెస్తాడు. బోర్డు మీద ఉన్నదాన్ని హెడ్మాస్టరుగారు ఏ క్షణంలోనైనా చూస్తారు. ఒకరి కోసం ఒకరు ఆగరు.

లెక్క చూసుకోవద్దా?

తెర ఆగిపోవడం లేదు కనుక చిక్కు తీరిపోయిందా? లేదు. వరుస 15 సెకన్లకు ఒకసారి మారుతుంటే హాజరు ప్లగిన్ కూడా 15 సెకన్లకు ఒకసారి నడుస్తుంది. నిమిషానికి 4 సార్లు, గంటకు 240 సార్లు, 8 గంటల్లో 1,920 సార్లు. ఒక్కొక్కసారి 20 తలుపులు తట్టాలి. అంటే రోజుకు 38,400 సార్లు! ప్రయోగశాలలో కంప్యూటర్లు ఏమైనా క్షణక్షణం ఆగి వెలుగుతుంటాయా? ఇంత హడావిడి అక్కరలేదు. 5 నిమిషాలకు ఒకసారి చాలు. అప్పుడు 8 గంటల్లో 96 సార్లు, 1,920 తట్టుళ్ళు. ఇరవయ్యో వంతుకు తగ్గింది.

కనుక ఈ పనిని రెండు ప్రోగ్రాములుగా విడదీద్దాం.

మొదటిది సేకర్త. లినక్సులో క్రాన్ అనే ఏర్పాటు ఉంది. చెప్పిన వేళకు చెప్పిన ప్రోగ్రామును లేపడం దాని పని. బడి గంట కొట్టే జవానులాంటిది. అది 5 నిమిషాలకు ఒకసారి సేకర్తను లేపుతుంది. సేకర్త 20 తలుపులు తట్టి, లెక్క తేల్చి, దాన్ని ఒక చిన్న ఫైలులో రాసి వెళ్ళిపోతుంది.

రెండోది పాఠకుడు. స్టేటస్ లైనుకు తగిలించే ప్లగిన్ ఇదే. ఇది ఎవరి తలుపూ తట్టదు. ఆ ఫైలులో ఏముందో చదివి "హాజరు 17/20" అని ఒక వరుస పంపుతుంది. రెప్పపాటులో పని అయిపోతుంది. గడియారం 15 సెకన్లకు ఒకసారి మారుతుంది, హాజరు 5 నిమిషాలకు ఒకసారి మారుతుంది. దేని తాళం దానిది.

సగం చెరిపిన బోర్డు

ఇక్కడ ఒక చిన్న ప్రమాదం పొంచి ఉంది. ఎనిమిదో తరగతి లీడరు పాత అంకె చెరిపి 46 రాయబోయాడు. 4 రాశాడు, 6 ఇంకా రాయలేదు. సరిగ్గా ఆ క్షణంలో హెడ్మాస్టరుగారు తలెత్తి చూశారు. ఆయనకు కనబడినది 4!

కంప్యూటరులోనూ ఇదే జరగవచ్చు. సేకర్త ఫైలును ఖాళీ చేసి రాస్తూ ఉండగా పాఠకుడు వచ్చి చదివితే సగం అంకె, లేదా ఏమీ లేని ఫైలు దొరుకుతుంది. ఎప్పుడో అరుదుగా జరుగుతుంది. అందుకే పట్టుకోవడం కష్టం.

దీనికి ఉపాయం: లీడరు బోర్డు మీద రాయకూడదు. బయట ఒక పలక మీద పూర్తిగా రాసుకుని రావాలి. పాత పలక ఉన్న మేకుకు కొత్త పలకను ఒక్కసారిగా తగిలించాలి. సేకర్త కూడా అలాగే వేరే పేరుతో ఒక కొత్త ఫైలు రాస్తుంది. రాయడం పూర్తయ్యాక దాని పేరును పాత ఫైలు పేరుగా మారుస్తుంది. ఈ రెండు ఫైళ్ళూ ఒకే డిస్కు విభాగంలో ఉంటే లినక్సులో పేరు మార్పు ఒక్క దెబ్బతో జరిగే పని. చూసేవారికి పాతదైనా పూర్తిగా కనబడుతుంది, కొత్తదైనా పూర్తిగా కనబడుతుంది. మధ్యస్థితి కనబడదు.

సున్నా వేరు, తెలియకపోవడం వేరు

ఒక సాయంత్రం ప్రయోగశాల మూసే వేళ నా తెర అడుగున "హాజరు 0/20" అని ఉంది. అన్నీ ఆపేశారు కాబోలు అనుకుని తాళం వేసి ఇంటికి పోయాను. మర్నాడు తలుపు తీస్తే గదిలో వెచ్చని గాలి, యంత్రాల హోరు! రాత్రంతా అవి వెలిగే ఉన్నాయి. జరిగింది ఏమిటంటే, నా కంప్యూటరు నెట్‌వర్కు తీగ వదులై ఊడింది. ఎవరి జవాబూ నాకు చేరలేదు. నేను రాసిన సేకర్త జవాబు రానివాటినన్నిటినీ "ఆపివేసినవి" అని లెక్కపెట్టి, ధైర్యంగా సున్నా రాసింది.

జవాబు రాలేదు అన్నది మనం చూసినది. యంత్రం ఆపి ఉంది అన్నది దాని నుంచి మనం ఊహించినది. ఈ రెండింటినీ కలపకూడదని విజ్ఞానశాస్త్రం మనకు మొదటి పాఠంలోనే చెబుతుంది. నా ప్రోగ్రాముకు నేను ఆ పాఠం చెప్పలేదు!

తరువాత సేకర్తకు ఒక అడుగు చేర్చాను. 20 తలుపులు తట్టే ముందు, ఎప్పుడూ వెలిగే ఉండే రౌటరు పెట్టెను ముందు తడుతుంది. దాని జవాబే రాకపోతే లోపం దారిలోనే ఉన్నట్టు. అప్పుడు సున్నా రాయదు, ప్రశ్నార్థకం రాస్తుంది. "హాజరు ?" అని కనబడితే నేను లేచి వెళ్ళి కళ్ళతో చూస్తాను. తెలియనప్పుడు తెలియదని చెప్పే యంత్రమే నమ్మదగిన యంత్రం.

అంకెకు ఆయుష్షు

ఇక మొదట చెప్పుకున్న 21 దగ్గరకు వద్దాం. సేకర్తే ఏదో కారణం చేత ఆగిపోయిందనుకోండి. లీడరు బడికి రాలేదన్నమాట. ఫైలులో పాత అంకె ఉంటుంది. పాఠకుడు దాన్ని చదివి, 15 సెకన్లకు ఒకసారి, ఏమాత్రం సందేహం లేకుండా తెర మీద చూపిస్తూనే ఉంటుంది. ఒక గంట, ఒక రోజు, ఒక వారం. పక్కన గడియారం తిరుగుతూ ఉంటుంది కనుక వరుస మొత్తం సజీవంగా ఉన్నట్టే కనబడుతుంది.

తెర వెనుక పద్ధతిలో లాభం ఉన్న చోటే ఈ నష్టమూ ఉంది. అడిగి నిలబడే పద్ధతిలో జవాబు రాకపోతే తెర ఆగిపోతుంది. చికాకే, కాని ఏదో చెడిందని మనకు తెలుస్తుంది. నిలబడని పద్ధతిలో తెర ఆగదు. ఏమీ చెడనట్టే ఉంటుంది.

మందు సీసా మీద ఏమి రాసి ఉంటుంది? తయారైన తేదీ, గడువు తేదీ. మన అంకెకూ ఆ రెండూ కావాలి. స్క్రీన్ ప్రోగ్రాములో ఇలా తెర వెనుక జవాబు తెప్పించుకునే ఏర్పాటుకు రెండు సంఖ్యలు ఇవ్వాలి. ఒకటి, వచ్చిన జవాబు ఎన్ని సెకన్ల వరకు చెల్లుతుంది అన్నది, అంటే అంకె ఆయుష్షు. రెండోది, ఎన్ని సెకన్లకు ఒకసారి వరుసను తాజా చేయాలి అన్నది. ఆయుష్షు, తాజా చేసే వేళ వేరు వేరు అని ఆ ప్రోగ్రాము రాసినవారు గుర్తించారు.

మన పాఠకుడికీ ఆయుష్షు లెక్క నేర్పుదాం. ప్రతి ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో లినక్సు గుర్తుపెట్టుకుంటుంది. ఆ కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లలో లెక్కపెడుతుంది. గ్రీనిచ్ కాలమానం ప్రకారం ఆ రోజు మొదలైన అర్ధరాత్రికి మన గడియారంలో ఉదయం 5 గంటల 30 నిమిషాలు. ఇప్పటి కాలమూ అదే లెక్కలో దొరుకుతుంది. ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే అంకె వయస్సు సెకన్లలో వస్తుంది.

సేకర్త 5 నిమిషాలకు ఒకసారి, అంటే 300 సెకన్లకు ఒకసారి వస్తుంది. ఒకసారి ఆలస్యమైతే క్షమించవచ్చు. రెండుసార్లు కూడా క్షమిద్దాం. మూడు పర్యాయాలు గడిచినా రాకపోతే ఏదో చెడిందనే అర్థం. కనుక ఆయుష్షు 300 × 3 = 900 సెకన్లు. పాఠకుడికి ఇలా చెబుతాం:

వయస్సు 900 సెకన్లలోపు ఉంటే "హాజరు 17/20, 10:40" అని చూపు. 10:40 అనేది లెక్క తీసిన వేళ.

900 దాటితే అంకె చూపకు. "హాజరు ? 10:40 నుంచి" అని చూపు.

ఒక్క తీసివేత, ఒక్క పోలిక. ఈ రెండు లేనందువల్లనే ఆ రోజు ఇరవై అయిదుగురు పిల్లలు ఖాళీ కంచాలతో కూర్చున్నారు.

మరొక్క మాట. ఇతరులు రాసిన ప్లగిన్లు ఎన్నో దొరుకుతాయి. వాడుకోవచ్చు. కాని ప్లగిన్ అంటే బొమ్మ కాదు, ప్రోగ్రాము. మన కంప్యూటరులో మనం చేయగలిగిన పనులన్నీ అదీ చేయగలదు. ఫైళ్ళు చదవగలదు, చెరపగలదు కూడా. ఊరూ పేరూ తెలియనివాడికి హెడ్మాస్టరుగారి గది తాళం ఇస్తామా? తగిలించే ముందు తెరిచి చదవండి. అర్థం కాకపోతే తెలిసినవారిని అడగండి.

మీరే చేసి చూడండి

దీనికి కంప్యూటరు అక్కరలేదు. సెకన్ల ముల్లు ఉన్న గడియారం, నల్లబల్ల, చీటీలు, ఒక డబ్బా చాలు.

ఒకరు "వరుస రాసేవాడు" కావాలి. ముగ్గురు "ప్లగిన్లు" కావాలి. మొదటి ప్లగిన్ 1 సెకనులో, రెండోది 4 సెకన్లలో, మూడోది 10 సెకన్లలో జవాబు చెప్పాలి. వారు మనసులో సెకన్లు లెక్కపెట్టుకుని ఏదో ఒక అంకె చెబితే చాలు.

మొదటి ఆట: వరుస రాసేవాడు ముగ్గురి దగ్గరకూ వరుసగా వెళ్ళి, ప్రతివారి దగ్గరా జవాబు వచ్చేదాకా నిలబడి, తరువాత బల్ల మీద రాయాలి. ఎంత సేపు పట్టింది? నడకను వదిలేస్తే 1 + 4 + 10 = 15 సెకన్లు. ఆ సేపంతా బల్ల ఖాళీ.

రెండో ఆట: ముగ్గురూ ఒకేసారి పని మొదలుపెట్టి, జవాబును చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి. వరుస రాసేవాడు 5 సెకన్లకు ఒకసారి డబ్బాలో ఉన్న తాజా చీటీలు చూసి బల్ల మీద రాయాలి. 5వ సెకనులో రెండు జవాబులు ఉంటాయి. 10వ సెకను దాటాక చూస్తే మూడూ ఉంటాయి. బల్ల ఎప్పుడూ ఆగదు.

మూడో ఆట: రెండో ఆటే ఆడండి. మధ్యలో మూడో ప్లగిన్‌ను, ఎవరికీ చెప్పకుండా, బయటికి పంపేయండి. బల్ల చూస్తున్న మిగిలిన తరగతివారు ఎంతసేపటికి గమనించారో గడియారంలో చూడండి. తరువాత చీటీ మీద వేళ కూడా రాయాలనే నియమం పెట్టి మళ్ళీ ఆడండి. తేడా మీకే తెలుస్తుంది.

ఆలోచించండి

1. సేకర్త 10 నిమిషాలకు ఒకసారి నడిస్తే, మూడు పర్యాయాల నియమం ప్రకారం అంకె ఆయుష్షు ఎన్ని సెకన్లు?

2. మొదటి ప్లగిన్ (వేడి) కోసం సేకర్త, పాఠకుడు అని రెండు ప్రోగ్రాములు అవసరమా? ఎందుకు?

3. రౌటరు జవాబు చెప్పింది. 7వ నంబరు కంప్యూటరు జవాబు చెప్పలేదు. అది ఆపి ఉందని గట్టిగా చెప్పగలమా? ఇంకా ఏ కారణాలు ఉండవచ్చు?

4. మీ ఊరిలో ఇలాంటి "అడుగు వరుసలు" ఎక్కడెక్కడ ఉన్నాయి? బస్టాండు పలక, రేషను దుకాణం నిల్వల బోర్డు, కాలువ లాకుల దగ్గర నీటి మట్టం పలక చూడండి. వాటిలో వేటి మీద అంకె రాసిన తేదీ, వేళ ఉన్నాయి? వేటి మీద లేవు?

మా బడి నల్లబల్ల మీద ఆ జూలై నుంచి ఒక నిలువు గడి ఎక్కువైంది. అంకె రాసిన లీడరు దాని పక్కనే తేదీ కూడా వేయాలి. వంట చేసే ఆవిడ ఇప్పుడు మొదట చూసేది ఆ గడినే. అంకెను తరువాత చూస్తుంది.